ఒక్క గంట తేడా

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరి నోటా ఒకటే అంకె. తొమ్మిది వేల రెండు వందల కిలోమీటర్లు. మా ఊరి విమానాశ్రయం నుంచి మా ఆవిడ ఉన్న ఊరి విమానాశ్రయానికి గాలిలో అంత దూరం. ప్రయాణం పదకొండున్నర గంటలు. మా అమ్మాయి పిచిక ఈ లెక్కలన్నీ సంపాదించి, ఎర్ర సిరాతో రాసి వంటింటి తలుపుకి అంటించింది. నేను ఆ కిలోమీటర్లను చూసి బెదిరాను, ఆ గంటలను చూసి బెదిరాను. చివరికి నా కొంప ముంచింది మాత్రం అంతా కలిపి ఒక్క గంట.

నేను వాచీలు బాగుచేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా అదే సందు, అదే కొట్టు, అదే కుర్చీ. కుర్చీ మీద మా ఆవిడ ఫ్యాక్టరీ ముక్కలతో కుట్టిన దిండు ఒకటి ఉంటుంది. దాని మీద నేను తప్ప ఎవరు కూర్చున్నా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆలస్యం అనే మాట నా ఒంటికి పడదు. ఫోనులో టైము చూసుకునేవాడిని చూస్తే జాలేస్తుంది. నా చేతికున్నది మా గురువు ఇచ్చిన కీ వాచీ. రోజూ పొద్దున ఆరింటికి కీ ఇస్తాను, నెలకి అర నిమిషం కూడా తప్పదు. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. తరవాత జరిగింది అర్థం కావాలంటే నేనెంత పొగరుమోతునో ముందు తెలియాలి.

మా ఆవిడ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. వంద పొరల గుడ్డ పరిచి, పైన నమూనా కాగితాలు సర్ది, ఒక్క కోతలో వంద చొక్కాల చేతులు తీసే మనిషి. ఆమె సర్దితే జేబురుమాలంత గుడ్డ కూడా వృథా పోదు. కంపెనీ వాళ్ళు ఎక్కడో దక్షిణాన చలికోట్లు కుట్టే కొత్త ఫ్యాక్టరీ పెట్టి, అక్కడివాళ్ళకి పని నేర్పమని ఆమెను నాలుగు నెలలకి పంపారు. మాకు ఎండలు ముదురుతుంటే వాళ్ళకి చలి ముదురుతుందట.

"అంత దూరం పోయినా గంటే తేడానా?" అని అడిగాను పిచికని, మొదటి వారంలో.

దానికి పదకొండేళ్ళు. తిన్నది ఎక్కడికి పోతుందో తెలియదు, పుల్లలా ఉంటుంది. నోరు మాత్రం ఆగదు. అందుకే ఆ పేరు. గ్లోబు తెచ్చి నా బల్ల మీద, విప్పిపెట్టిన వాచీ పక్కనే దించింది.

"విమానం పక్కకి పోదు నాన్నా, కిందికి పోతుంది. ఇదిగో, ఇలా నిలువునా. పక్కకి పోతేనే గంటలు మారతాయి. అమ్మ మనకంటే ఒక్క గంట వెనక."

"మీ అమ్మ ఎప్పుడూ వెనకే. పెళ్ళికే నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది."

"మొదలెట్టాడమ్మా," అంది మా అక్క. పైవాటాలో ఉంటుంది. మా ఆవిడ వెళ్ళాక మా ఇద్దరికీ ఇంత వండిపెడుతూ, దానికి పదింతలు మాటలంటూ ఉంది. "ఇరవై ఏళ్ళయింది, ఆ నాలుగు నిమిషాలు ఇంకా అరగలేదురా నీకు?"

పైకి నవ్వాను గానీ ఆ రోజుల్లో నాకు కాలు నిలిచేది కాదు. ఆమె సాయంత్రం ఏడింటికి పని దిగి ఫోను చేస్తుంది, అంటే మాకు ఎనిమిది. నేను ఏడున్నరకే కొట్టు మూసేసి ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేవాణ్ణి. బల్ల దగ్గర కూర్చుంటే చేతిలో పట్టకారు, మనసు ఎక్కడో. పదకొండున్నర గంటలంటే ఎంత అని లెక్క వేసుకునేవాణ్ణి. నాకైతే పన్నెండు వాచీల పని. పిచికకి రెండు బడిరోజులు. అన్ని గంటలు కాళ్ళు ముడుచుకుని గాలిలో కూర్చుంటే గానీ ఆమె చేయి అందదు. పొరపాటున ఒకసారి ఒకరి వాచీ ముళ్ళు ఇంకొకరి దాంట్లో బిగించేశాను. ముప్ఫై ఏళ్ళలో అలాంటిది ఎన్నడూ లేదు.

మూడో నెలలో ఒకరోజు ఫోనులో ఆమె గొంతు వేరేగా ఉంది.

"వీళ్ళు నన్ను ఉండిపోమంటున్నారండీ. రెండేళ్ళు. కటింగ్ సెక్షన్ మొత్తం నా చేతికే ఇస్తారట. మిమ్మల్నీ పిచికనీ తెచ్చుకోమంటున్నారు. ఇల్లూ బడీ వాళ్ళే చూస్తారట."

పిచిక నా భుజం మీదుగా చెవి ఫోనుకి ఆనించి ఊపిరి బిగబట్టింది.

"నీ ఇష్టం," అన్నాను.

"నా ఇష్టం నాకు తెలుసు. నేను అడిగింది అది కాదు."

"మరి నా కొట్టు?"

"అందుకే అడుగుతున్నాను. ఇరవై రెండో తారీఖు సోమవారం పొద్దున జవాబు చెప్పాలి. మీరు శనివారం విమానానికి రండి. పది రోజులుండి చూడండి. ఆదివారమంతా ఊరు తిప్పుతాను. చూశాక కుదరదంటే సరే, మారు మాట్లాడకుండా నేనే వచ్చేస్తాను. నాకు మీ మాట కావాలి. పక్కన కూర్చుని, నా ముఖం చూస్తూ చెప్పే మాట."

సరేనన్నాను. ఆ 'సరే' ఎంత చిన్నగా వచ్చిందో తొమ్మిది వేల కిలోమీటర్ల అవతల ఆమెకి వినపడే ఉంటుంది.

ప్రయాణం ముందురోజు సాయంత్రం పెట్టె సర్దుతున్నాను. ఎదురుకొట్టు టైలరుకి తాళంచెవి ఇచ్చి, పది రోజుల్లో వస్తానని చెప్పి వచ్చాను. రెండు జతల బట్టలు, పిచికవి నాలుగు జతలు, అక్క ఇచ్చిన పచ్చడి సీసా. అవి పెట్టాక, నా పనిముట్లు చుట్టిపెట్టుకునే తోలుచుట్ట కూడా లోపల పెట్టాను. కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టాను. ఎందుకు పెట్టానని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు. ఇంకా కాస్త ఖాళీ కనిపించింది. కొట్టు నుంచి తెచ్చిన కుర్చీ దిండు ఆ ఖాళీలో కుక్కాను.

పిచిక గుమ్మంలో నిలబడి చూస్తోంది. "పది రోజులకి దిండెందుకు నాన్నా?"

"పెట్టెలో ఖాళీ ఉంటే సీసా అటూ ఇటూ కొట్టుకుంటుంది. పగిలితే బట్టలన్నీ పచ్చడే."

అది ఇంకేమీ అనలేదు. ఊరుకుందంటే ఏదో పట్టేసిందని అర్థం.

తరవాత బల్ల దగ్గర కూర్చుని నా వాచీ తీశాను. కదిలే బండిలో వాచీ కీ లాగకూడదని మా గురువు చెప్పేవాడు. అదురుకి ముల్లు జారుతుందని ఆయన భయం. కారులోనే వద్దనేవాడు, ఇక విమానంలో ఊరుకుంటాడా? అందుకని నిదానంగా, దీపం కింద, నా వాచీ ఒక గంట వెనక్కి తిప్పాను. పిచిక వాచీ కూడా అడిగి తీసుకుని తిప్పాను. ఇప్పుడు మా ఇద్దరి చేతుల మీదా మా ఆవిడ టైము.

"బయల్దేరేటప్పుడు మాత్రం గోడ గడియారం చూడండి," అంది అక్క. "ఈ అతితెలివితో కొంప మీదికి తెస్తారు."

"నాకా చెబుతున్నావు?" అన్నాను.

నిజంగానే గోడ గడియారం చూసుకునే బయల్దేరాం. పొద్దున అయిదున్నరకి ఇల్లు కదిలి ఆరున్నరకి విమానాశ్రయంలో ఉన్నాం. విమానం తొమ్మిదీ నలభైకి. పెట్టె ఇచ్చేశాం. ఫోన్లు ఆపాలని అక్కడెక్కడో రాసి ఉంటే, అది విమానం లోపలి సంగతని తెలియక, బుద్ధిమంతుడిలా అప్పుడే ఆపి సంచిలో పడేశాను. తనిఖీలన్నీ దాటి లోపలికి వచ్చి క్యాంటీనులో కూర్చున్నాక, ఆ పొద్దున మొదటిసారి మణికట్టు చూసుకున్నాను. ఏడుకి పది నిమిషాలు తక్కువ.

అబ్బో, ఎంత తొందరగా అయిపోయాయి అనుకున్నాను. ఇంత పెద్ద వరసలు ఇరవై నిమిషాల్లో దాటేశాం, ముందుచూపంటే ఇదీ అని మురిసిపోయాను. ఇద్దరికీ టీలు, రొట్టె, ఆమ్లెట్టు చెప్పాను.

"నాన్నా, ఆ గడియారం చూడు," అంది పిచిక.

క్యాంటీను గోడ మీద పెద్ద గుండ్రటి గడియారం. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నేను నా వాచీ చూసుకున్నాను. పిచిక తన వాచీ చూసుకుంది. ఇద్దరివీ ఒకటే చెబుతున్నాయి.

తప్పు నడిచే గడియారం ఎదురుగా పెట్టుకుని నేను టీ తాగలేను. అది నా జబ్బు. ఒకసారి ఎవరింటికో పలకరింపుకి వెళ్ళి, ఏడుస్తున్న మనుషుల మధ్య కుర్చీ ఎక్కి గడియారం సరిచేశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

"అమ్మా, మీ గడియారం గంట ముందుంది," అన్నాను క్యాంటీను ఆవిడతో. గల్లా దగ్గర ఉక్కిరిబిక్కిరిగా ఉంది. వెనకాల రసం తీసే మిషను ఒకటే రొద.

"బానే నడుస్తుందండీ అది."

"నడవడం వేరు, సరిగ్గా నడవడం వేరు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనమ్మా నాది. స్టూలు ఉంటే ఇవ్వండి."

"ఏమో సార్, మీకే తెలియాలి. మెల్లగా, పడకండి."

స్టూలు ఎక్కాను. గడియారం దించి, వెనక చక్రం తిప్పి, ఒక గంట వెనక్కి పెట్టాను. అద్దం మీది జిడ్డు కూడా చొక్కా అంచుతో తుడిచాను. దిగి చూసుకుంటే ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ కూడా సంబరపడి, పట్టీ ఊడిన తన చేతి వాచీ ఒకటి సొరుగులోంచి తీసి ఇచ్చింది. అది ఆగిపోయి ఏడాదయిందట. ఆగిన వాచీ చేతికొస్తే నా చెవులు మూసుకుపోతాయి. గోటితో మూత లేపి, లోపల చెమట పట్టిన చోటు తుడుస్తూ కూర్చున్నాను.

మధ్యలో మైకులో ఏదో అన్నారు. మిషను రొదలో కలిసిపోయింది.

"నాన్నా, మన పేర్లలా వినిపించాయి."

"ఇప్పుడే ఎందుకు పిలుస్తారే? ఇంకా గంటన్నర ఉంది."

పిచిక తన వాచీ చూసుకుంది. ఉంది. ఊరుకుంది.

ఎనిమిదిన్నరకి లేచి, నింపాదిగా, సంచి సర్దుకుని మా విమానం ఎక్కే ద్వారం దగ్గరికి వెళ్ళాం. కుర్చీలన్నీ ఖాళీ. తలుపు మూసి ఉంది. అక్కడున్న అమ్మాయి కాగితాలు దొంతి పెడుతోంది.

"మేము మొదటివాళ్ళమా?" అన్నాను.

ఆ అమ్మాయి నా చీటీలు చూసి, నా ముఖం చూసి, మళ్ళీ చీటీలు చూసింది. "మీ ఇద్దరినీ అయిదుసార్లు పిలిచాం సార్. తలుపు మూసి పది నిమిషాలయింది."

"విమానం తొమ్మిదీ నలభైకి కదమ్మా?"

"ఇప్పుడు తొమ్మిదిన్నర సార్."

నేను వాచీ ఆమె ముందుకు చాపాను. చాపుతుండగా, గాలిలోనే, నా చేయి ఆగిపోయింది. నిన్న సాయంత్రం దీపం, బల్ల, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య కీ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

బతిమాలాను. నా పరువు మర్యాదలన్నీ ఆ బల్ల మీద పెట్టి బతిమాలాను. అద్దంలోంచి విమానం వెనక్కి కదలడం పిచిక చూస్తూ నిలబడింది. ఏడవలేదు. తన వాచీ విప్పి జేబులో వేసుకుంది. ఆ విమానం వారానికి రెండుసార్లే. మళ్ళీ మంగళవారం, దానికి టికెట్లు మార్పించుకున్నాను. మా పెట్టె మాత్రం దించడం మరిచిపోయారట, మేము లేకుండానే వెళ్ళిపోయింది.

బయటికి వచ్చే దారిలో క్యాంటీను దగ్గర ఆగాను. అక్కడ ఆవిడ డ్యూటీ మారడానికి వచ్చిన ఇంకొకామెతో గొడవపడుతోంది.

"చూడండి సార్, మీరే చెప్పండి! ఈమె డ్యూటీ పదింటికి. ఇంకా తొమ్మిది కూడా కాలేదు, అప్పుడే వచ్చి పది కావస్తోందని నాతో వాదిస్తోంది!"

"స్టూలు ఇవ్వండమ్మా," అన్నాను.

ఎక్కాను. ఒక గంట ముందుకు తిప్పాను. ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. పడాల్సిందే పడ్డాను.

మా ఆవిడకి ఫోను చేసేసరికి ఆమె పనిలో ఉంది. వెనకాల కటింగ్ మిషను గీ అంటోంది.

"ఎక్కలేదా ఇంకా? ఫోనెలా చేస్తున్నారు?"

"విమానం తప్పిపోయింది."

మిషను ఆగింది. "పిచికకి ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"వదినకేమైనా..."

"అందరం బానే ఉన్నాం. నేనే. టైము చూసుకోలేదు."

పక్కవాళ్ళకి ఏదో చెప్పి బయటికి నడిచిన చప్పుడు వినపడింది.

"మీరు," అంది. "టైము చూసుకోలేదు."

"నా వాచీ నీ టైముకి పెట్టుకున్నాను. అక్కడేమో గోడ గడియారం..."

"చాలండీ." అరిచినా బాగుండేది. మెత్తగా అంది. "పెళ్ళికి నేను నాలుగు నిమిషాలు ఆలస్యమయ్యానని ఇరవై ఏళ్ళు చెప్పిన మనిషి మీరు. ప్రపంచంలో ఎవరు విమానం తప్పినా నమ్ముతాను, మీరు తప్పారంటే నమ్మమంటారా? వద్దనుకుంటే వద్దని చెప్పాల్సింది. మీరు వద్దంటే వచ్చేస్తానని మాట ఇచ్చాను కదా. ఆ ఒక్క మాట అనడానికి కూడా నోరు రాక విమానం వదిలేశారా?"

"నిజం చెబుతున్నానే..."

"సోమవారం పొద్దున కుదరదని చెప్పేస్తాను. నెలాఖరుకి ఇంట్లో ఉంటాను. మీ కుర్చీ ఎక్కడికీ పోదు, కంగారుపడకండి."

ఒప్పేసుకో, మేమే వస్తాం అనాలి. అంతే. రెండు మాటలు. నోరు పెగల్లేదు. నేను గొంతు సర్దుకునేలోపు ఆమె ఫోను పెట్టేసింది.

ఇంటికి వచ్చే కారులో పిచిక చాలాసేపు కిటికీ వైపే చూసింది. తరవాత అడిగింది.

"కావాలనే చేశావా నాన్నా?"

"లేదు" అని నోటి దాకా వచ్చింది. కానీ ఆ గడియారం గుర్తొచ్చింది. సరిగ్గా ఒక గంట. నిమిషం ఎక్కువ కాదు, నిమిషం తక్కువ కాదు. గడియారాలు అలా చెడిపోవు. నత్తనడక నడుస్తాయి, పరిగెత్తుతాయి, ఆగిపోతాయి. సరిగ్గా గంట ముందుకు జరిగి బుద్ధిగా నడిచే గడియారాన్ని ముప్ఫై ఏళ్ళలో నేను చూడలేదు. పని నేర్చుకునే మొదటి నెలలోనే తట్టాల్సిన సంగతి అది. నాకెందుకు తట్టలేదు?

"తెలీదమ్మా," అన్నాను.

అది బాగా ఆలోచించింది. "నేను కూడా చూశాను కదా ఆ గడియారం. నేను కావాలని చేయలేదు. నాకు అమ్మ కావాలి. మరి నువ్వు కూడా కావాలని చేసి ఉండవులే."

దాని చేయి పట్టుకున్నాను.

ఆ మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఎన్నిసార్లు ఫోను చేసినా ఆమె తీయలేదు. మంగళవారం విమానానికి వస్తున్నామని పిచిక మెసేజి పెడితే దానికీ జవాబు లేదు. కొట్టు తెరిస్తే కుర్చీ మీద దిండు లేదు, బల్ల మీద పనిముట్లు లేవు. ఎదురుకొట్టు టైలరు వచ్చి, పది రోజులన్నావు పది గంటలకే వచ్చేశావేం అన్నాడు. గట్టి చెక్క మీద కూర్చుని సందులో పోయేవాళ్ళని చూశాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ కొట్టు లేకపోతే నేను లేనని అనుకున్నాను. ఆ సోమవారం పొద్దున అక్కడ కూర్చుంటే నాకు చేయడానికి ఏ పనీ లేదు, ఉండాలని కూడా లేదు. నా చేతులు రెండూ ఆ పెట్టెలో వెళ్ళిపోయాయి. పొద్దున ఎనిమిదికి, అంటే ఆమెకి ఏడుకి, మళ్ళీ ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. తొమ్మిది దాటింది. పది దాటింది. ఇక చెప్పేసి ఉంటుంది అనుకుని కొట్టు మూసేశాను.

"ఆవిడే వచ్చేస్తుంటే ఇంకా నువ్వు పోవడం దేనికిరా?" అంది అక్క. "రేపటి టికెట్లు ఎలాగోలా వాపసు ఇచ్చేయ్."

"ముఖం చూస్తూ చెప్పమంది."

"ఏమని?"

"ఉందామని."

అక్క చేతిలో గరిటె పట్టుకుని నన్నే చూసింది. తిట్టడానికి ఏదో వెతుక్కుంది గానీ దొరకలేదు. "ఆలస్యమైందేమోరా," అంది మెల్లగా.

"అయినా సరే."

మంగళవారం మా ఇద్దరి వాచీలూ మా ఇంటి టైములోనే ఉన్నాయి. ద్వారం దగ్గర రెండు గంటల ముందే, ఆ తలుపుకి ఎదురుగా కూర్చున్నాం. పిచిక టీ కూడా తాగనివ్వలేదు. విమానంలో ఎదురుగా తెర మీద ఒక బొమ్మ విమానం గ్లోబు మీద నిలువునా కిందికి జరుగుతూ ఉంది. వెయ్యి కిలోమీటర్లు, రెండు వేలు, నాలుగు వేలు. నేను లేచి నడిచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. కూర్చోమని రెండుసార్లు చెప్పారు. చెప్పాల్సిన మాటని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను, మళ్ళీ చివరి నిమిషంలో పెగలకుండా పోతుందేమోనని.

"వాచీ మార్చవా నాన్నా?" అంది పిచిక, ఇంకో గంటలో దిగుతామనగా.

"దిగాక. మీ అమ్మని అడిగి."

బయటికి రాగానే చలి మొహాన కొట్టింది. ఆమె పొడుగు కోటు వేసుకుని కమ్మీ దగ్గర నిలబడి ఉంది. చిక్కింది. పిచిక నా చేయి వదిలించుకుని పరిగెత్తి ఆ కోటులో దూరిపోయింది. ఆమె దాని తల మీదుగా నన్ను చూసింది.

"నాలుగు నిమిషాలు ఆలస్యం," అంది.

నవ్విందో లేదో తెలియలేదు. బస్సులో పిచిక మా మధ్య కూర్చుని ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతూనే ఉంది. అది ఆగిన ఒక్క క్షణంలో అడిగాను.

"నిన్న చెప్పేశావా?"

"చెప్పేశాను."

నాకు తెలిసిందే. అయినా ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

"నేను వచ్చింది వేరే చెప్పడానికి," అన్నాను. బస్సులో అంతమంది మధ్య, మా అమ్మాయి తల మీదుగా, ఆమె ముఖం చూస్తూనే అన్నాను. "నువ్వు ఇక్కడ ఉండాలి. మేమూ ఉంటాం. కుదరదని చెప్పేసినా సరే, రేపు నేనే వచ్చి మీ మేనేజరుని అడుగుతాను. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఇంటికి పదండి ముందు," అంది.

రెండు గదుల ఇల్లు. లోపలి గదిలో దీపం వేసింది. కిటికీ పక్కన ఒక బల్ల, కొత్త దీపం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద నా పనిముట్లు పేర్చి ఉన్నాయి. వరస అంతా తప్పే, పెద్దవాటి పక్కన చిన్నవి. భూతద్దం చివర్న ఉంది. బల్ల ముందు కుర్చీ, కుర్చీ మీద నా దిండు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఆదివారం పెట్టె తెచ్చిచ్చారు," అంది. "మీరు చలికోటు పెట్టుకున్నారో లేదోనని తెరిచాను. తెరవగానే పైన అదే. పది రోజులుండి పోయే మనిషి కుర్చీ దిండు తెచ్చుకుంటాడా?"

"పెట్టెలో ఖాళీ ఉంటే పచ్చడి సీసా..."

"చాలండీ." ఈసారి నవ్వుతూ అంది. నవ్వుతుంటే కళ్ళు నిండిపోయాయి. "సోమవారం పొద్దున వెళ్ళి, ఉంటామని చెప్పి సంతకం పెట్టి వచ్చాను. రెండేళ్ళు."

"మరి ఫోనెందుకు తీయలేదు? నేను ఇక్కడ... అక్కడ చచ్చిపోయాను తెలుసా మూడు రోజులు!"

"శనివారం నుంచి ఆదివారం దాకా నేను చచ్చాను కదా. మీరూ కాస్త వేగండి అనుకున్నాను. ఈ మాట మీ నోటితో వినాలనీ ఉంది."

పిచిక అప్పటికే ఇల్లంతా తిరిగి వచ్చి, ఏ మంచం తనదో తేల్చేసుకుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. కిటికీ బయట ఎవరివో ఇళ్ళ దీపాలు. అప్పుడు టిక్కుమన్న శబ్దం వినపడింది. తల ఎత్తితే తలుపు పైన గోడ గడియారం. పావు తక్కువ పదకొండు. మేము దిగిందే ఎనిమిది దాటాక, అక్కడి నుంచి బస్సు. పదకొండు అవడానికి వీల్లేదు. లెక్క వేశాను. సరిగ్గా ఒక గంట ముందుంది.

లేవబోయి, ఆగాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"అది..." అన్నాను. "అది ఎవరి టైము?"

ఆమె వంటగది గుమ్మంలోంచి గడియారం వైపు చూసింది.

"మనింటిది. వచ్చిన రోజే అలా పెట్టుకున్నాను. మీరు కొట్టు మూసే వేళ, పిచిక పడుకునే వేళ, అన్నీ దాంట్లో చూసుకునేదాన్ని. ఫ్యాక్టరీకి రెండుసార్లు గంట ముందే వెళ్ళి వాచ్‌మన్‌తో నవ్వించుకున్నాను కూడా."

పిచిక కిసుక్కున నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆమె వంటగదిలోంచి స్టూలు తెచ్చి గోడ కింద వేసింది.

"ఇక మార్చండి," అంది.

ఎక్కాను. ఆమె స్టూలు పట్టుకుంది. గడియారం దించి, వెనక చక్రం మెల్లగా తిప్పి, ఒక గంట వెనక్కి పెట్టాను. మళ్ళీ మేకుకి తగిలించాను. తరవాత ఆ స్టూలు మీదే నిలబడి, నా వాచీ కీ లాగి, దాన్ని కూడా ఆ గడియారంతో కలిపాను.